హాజరు బండ

ఫిలింనగర్ నుంచి జూబ్లీహిల్స్ మీదికెక్కే వాలురోడ్డు పక్కన ఒక బండ ఉండేది. చుట్టూ ఉన్న బండలన్నిటినీ పగలగొట్టి బంగళాలు లేపినా ఇదొక్కటే ఎలాగో మిగిలిపోయింది. అందరూ దాన్ని హాజరు బండ అనేవారు. పగలు దాని వైపు ఎవరూ చూడరు. పొద్దుపోయాక మాత్రం అటువైపు బేరమొస్తే కృష్ణానగర్ ఆటోవాళ్లు ముఖం తిప్పుకునేవారు.

ఎందుకంటే రాత్రి పదకొండు దాటాక అక్కడ ఒక గొంతు పేర్లు పిలుస్తుంది. గట్టిగా, ఒక్కో పేరూ విడివిడిగా. పిలిచి, కాసేపు ఆగుతుంది. అప్పుడు బండ వెనకనుంచి ఇంకో గొంతు మెల్లగా పలుకుతుంది —

"హాజిర్, సాబ్."

ఒక్కో పేరుకు ఒక్కో గొంతు. ధైర్యం చేసి లెక్కపెట్టినవాళ్లు పదకొండు గొంతులని తేల్చారు. షూటింగ్ నుంచి వస్తూ అవి విన్న ఒక జూనియర్ ఆర్టిస్టుకు మూడు రోజులు జ్వరం దిగలేదట. బైకు వదిలేసి పరుగెత్తిన ఇంకొకడు దాన్ని తెచ్చుకోవడానికి పట్టపగలు కూడా అటు రాలేదట.

భిక్షం ఇవన్నీ విని నవ్వేవాడు. సినిమాలకు కావలసిన సామాను సమకూర్చే ప్రాపర్టీ మనిషి అతడు. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఎన్ని దెయ్యాలను తయారుచేశాడో అతడికే లెక్క లేదు. తెల్లచీర, పొగ మిషను, నైలాన్ తాడు — అంతే దెయ్యం. దెయ్యాల చీరలకు ఇస్త్రీ చేయించేది నేను, నన్ను చూసి అవే భయపడాలె అనేవాడు.

2008 డిసెంబరులో ఒక మధ్యాహ్నం ప్రొడక్షన్ మేనేజర్ వేంకటరమణ అతడికి ఫోను చేశాడు. యుద్ధం సినిమా. మర్నాడు పొద్దున ఆరింటికి కొండమీది సెట్టులో క్లైమాక్స్. చనిపోయిన సైనికుల పేర్లున్న రాయి ముందు హీరో మోకాళ్లమీద కూలబడి ఏడవాలి. ప్లాస్టరు రాయి చేయించే టైము లేదు కాబట్టి గోడౌను మూలనున్న పాత రాతిపలకను తెమ్మన్నాడు.

ఆ పలక సంగతి భిక్షానికి బాగా తెలుసు. ఊరి పొలిమేర రాయిగా, విలన్ తండ్రి సమాధిగా, ఒకసారి చాకిరేవు బండగా... హీరోలకన్నా ఎక్కువ వేషాలు వేసింది. వేషానికో రంగు. అవన్నీ గీకడానికి కూర్చున్నాడు. తెలుపు పోయింది, పచ్చ పోయింది, ఎరుపు పోయింది. కింద, రంగుకు ముందు పూసే లప్పం గట్టిపడి ఉంది. అది పెళ్లలు పెళ్లలుగా ఊడితే, అడుగున ఉలితో చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి.

'1971 లడాయి. మా బెటాలియన్, మూడో కంపెనీ. తిరిగి రానోళ్లు.' దాని కింద పదకొండు పేర్లు. మొదటిది రామలింగం, చివరిది నర్సింహ.

భిక్షం చెయ్యి ఆగిపోయింది. మేనేజరుకు ఫోను చేసి, ఇవి నిజం పేర్ల లెక్కున్నయి సార్ అన్నాడు.

"పేర్లే కదయ్యా. లప్పం కొట్టేసి మన హీరో ఫ్రెండ్స్ పేర్లు రాయించెయ్," అన్నాడు వేంకటరమణ. "పొద్దున్నే రాయి లేదంటే నువ్వూ ఉండవు. ముందే చెబుతున్నా."

అదీ సంగతి. నిజంగా చచ్చినవాళ్లను చెరిపేసి, పుట్టనే పుట్టనివాళ్ల కోసం ఏడవాలి. భిక్షానికి ఒళ్లు మండింది. మండి ఏం చేస్తాడు? ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? నలుగురిచేత పలకను ట్రాలీ ఆటోలోకి ఎక్కించాడు. సెట్టుకు చేరాకే కొడదామని లప్పం డబ్బా పక్కన పెట్టుకుని, తనే తోలుకుంటూ బయల్దేరాడు. అప్పటికి పదకొండు దాటింది.

వాలు ఎక్కుతోంది ఆటో. సరిగ్గా బండ దగ్గరికొచ్చాక రెండుసార్లు దగ్గి... ఆగిపోయింది.

బరువుకు ఇంజను వేడెక్కిందిలే అనుకున్నాడు. దిగి, చక్రం వెనక ఒక రాయి పెట్టాడు. అక్కడ వీధిదీపం లేదు. చలి కొరుకుతోంది. ఏదో బంగళాలో కుక్క అరుస్తూ అరుస్తూ... మధ్యలో మానేసింది.

"సిపాయి రామలింగం."

ఎక్కడిదో మోటు గొంతు. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత, బండ వెనకనుంచి —

"హాజిర్, సాబ్."

ఎవడో ఆటలాడుతున్నాడని నవ్వబోయాడు భిక్షం. నవ్వు రాలేదు.

"లాన్స్ నాయక్ సెబాస్టియన్."

"హాజిర్, సాబ్."

"సిపాయి మల్లికార్జున్."

"హాజిర్, సాబ్."

మధ్యాహ్నం తన చేత్తో గీకి బయటపెట్టిన పేర్లు. అదే వరుస. ఇన్నేళ్లు లప్పం కింద పడి ఉన్న పేర్లు ఇంకెవరికి తెలుసు?

పిలిచే గొంతు మోటుగా ఉంది. పలికే గొంతులు మాత్రం, పక్కవాళ్ల నిద్ర చెడుతుందేమో అన్నంత మెల్లగా ఉన్నాయి. అందులో ఒకటి మీసాలు కూడా సరిగా రాని కుర్రాడిది. భిక్షం తెలియకుండానే వేళ్లు మడుస్తున్నాడు. ఎనిమిది... తొమ్మిది... పది.

"సిపాయి నర్సింహ."

ఎవరూ పలకలేదు.

"సిపాయి నర్సింహ."

మోటు గొంతు ఏదో బూతు తిట్టింది. అప్పుడు బండ చాటునుంచి ఒక టార్చిలైటు బయటికొచ్చింది... తిన్నగా ఆటో వైపు.

లైటు వెనక ఒక ముసలాయన. మంకీ టోపీ, మోచేతుల దగ్గర చిరిగిన ఆకుపచ్చ స్వెట్టరు. భిక్షం ముందు చూసింది ఆయన పాదాలను. అవి వెనక్కి తిరిగి లేవు. అరిగిపోయిన బూట్లలో ముందుకే ఉన్నాయి.

మనిషే. పేరు లక్ష్మయ్య, ఆ బండ వెనక ఖాళీ ప్లాటుకు కాపలా. ఒకప్పుడు ఆ మూడో కంపెనీలోనే హవల్దారు. హమ్మయ్య అనుకున్నాడు భిక్షం. పలికినవాళ్లు ఈ ముసలాయన దోస్తులై ఉంటారు, చలికి బండ చాటున ముడుచుకుని కూర్చుని ఉంటారు.

లైటు ఆటోలోని పలకమీద పడింది. ముసలాయన దగ్గరికొచ్చి ఒక్కో పేరూ వేళ్లతో తడిమాడు. ఆ తర్వాత వచ్చి భిక్షం కాలరు పట్టుకున్నాడు.

"నువ్వేనారా ఎత్తుకపోయింది?" అన్నాడు. "సర్కారు పెడతదని నాలుగేండ్లు చూసిన. పెట్టలే. ఈడ రాళ్లు కొట్టేటాయన కాళ్లమీద పడి చెక్కించుకున్న. దాన్ని సుత ఉండనియ్యకపోతిరి. రాయి ఉన్నన్ని దినాలు రాయే యాదుంచుకున్నది. పోయినంక నేను యాదుంచుకోవాలె కద? గందుకే దినాం పిలుస్తున్న. ఒక్క దినం తప్పితే ఒక్క పేరు పోతదని భయం."

భిక్షానికి అప్పుడు గుర్తొచ్చింది. పనిలో చేరిన కొత్త. ఇదే వాలులో శ్మశానం సెట్టు వేశారు. షూటింగ్ అయ్యాక ప్లాస్టరు సమాధులను ఒక్కో చేత్తో లారీలోకి విసిరారు. వాటితోపాటే లప్పం కొట్టి రంగేసిన ఇదొక్కటి మాత్రం కదల్లేదు. నలుగురు కలిసి మోశారు. ఇదెందుకింత బరువని నలుగురిలో ఒక్కడూ అడగలేదు. పైగా, అచ్చం నిజం రాయిలా ఎంత బాగా చేశాడ్రా ఆర్ట్ డైరెక్టరు అని మెచ్చుకున్నారు. మెచ్చుకున్నది భిక్షమే.

సిగ్గుతో చచ్చిపోయాడు. తప్పయింది తాతా అన్నాడు. ముసలాయన పలక్కపోతే ఇంకా గట్టిగా అన్నాడు.

"అరవకు, ఇనబడది," అన్నాడు లక్ష్మయ్య. "లడాయిల షెల్ పడ్డనాడే రెండు చెవులు పోయినయ్. చెప్పేదుంటే రాసి చూపెట్టు."

చెవులు వినబడవు...

భిక్షం ఆయన చేతిలో టార్చి లాక్కుని బండ వెనక్కి పరుగెత్తాడు. ఒక ప్రహరీగోడ. ఎండుగడ్డి. ఒక్కటే నులకమంచం, దానిమీద ఒక్కటే దుప్పటి, కింద ఒక్క కంచం. ఇంకెవరూ లేరు.

తిరిగొచ్చేసరికి ముసలాయన ఆటోలోకెక్కి పలకకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కోపం ఇప్పుడు భిక్షం మీద కాదు. పద్దెనిమిదేళ్లుగా పిలుస్తున్నాడట. వాళ్లు పలకరని తెలుసట. తెలిసినా ఒళ్లు మండుతుందట, అందరికన్నా ఆ నర్సింహ మీద. ఆ లడాయిలో ఒక దిబ్బమీద నర్సింహ కాలికి గుండు తగిలింది. మనుషులను తీసుకుని వస్తానని చెప్పి లక్ష్మయ్య కిందికి దిగాడు. దారిలో షెల్ పడింది. కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి. లడాయి కూడా అయిపోయింది.

"గాడు నా కోసం చూసుకుంటనే పోయిండు," అన్నాడు. "పది మంది పలకకున్నా మంచిదే. గాడు ఒక్కసారి పలికితే సాలు నాకు."

భిక్షం జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది, సెట్టులో నటులు నిలబడే చోట గీత గీయడానికి. దాన్ని తీశాడు. రామలింగం పేరు పక్కన 'హాజరు' అని రాశాడు. సెబాస్టియన్ పక్కన, మల్లికార్జున్ పక్కన... అలా పది పేర్లకు రాశాడు.

లక్ష్మయ్య చెయ్యెత్తాడు కొట్టడానికి. ముసలోణ్ణి చేసి ఆడుకుంటున్నావా అన్నాడు. భిక్షం తన చెవి చూపించాడు, బండను చూపించాడు, నెత్తిమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. ముసలాయన ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. దిగి, పదకొండో పేరు మీద ఆగింది.

"మరి వీడు?"

జేబులో ఫోను మోగింది. వేంకటరమణ. భిక్షం చూసి కట్టేశాడు. రాయి ఇక్కణ్నుంచి కదలదని అతడు అప్పటికే తేల్చుకున్నాడు. పని పోతే పోయింది. ఇప్పుడు కష్టం అది కాదు. నర్సింహ పలకలేదు. ఆ మాట రాసి చూపించాలా, లేక జీవితమంతా చేసిన పనే ఇంకోసారి చెయ్యాలా? అట్టను గోడ చేశాడు, థర్మకోలును కొండ చేశాడు. ఒక్క అబద్ధం రాయలేడా?

రాద్దామనే సుద్దముక్క ఎత్తాడు. అది రాతిని తాకకముందే... చెవి పక్కన ఎవరో ఊపిరి వదిలారు. చల్లగా.

"దినాం పలుకుత నేను," అంది ఒక గొంతు, విసుగ్గా, మెల్లగా. "గాయన ఇనడు. ఇయ్యాల కోపమొచ్చి పలకలే... పెట్టు. హాజరు పెట్టు."

భిక్షం వెనక్కి తిరిగి చూడలేదు. వంకర అక్షరాలతోనే 'హాజరు' అని రాశాడు.

లక్ష్మయ్య లైటు దగ్గరగా పెట్టి చదివాడు. ఇంకోసారి చదివాడు. భిక్షం ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో రంగు లేదు, అబద్ధమూ లేదు. ముసలాయన లేచి నిలబడి, భిక్షం భుజం మీదుగా, అతడి వెనకనున్న చీకట్లోకి గొంతు చించుకుని అరిచాడు —

"ఇన్నేండ్లు యాడ సచ్చినవ్‌రా, నర్సింహా!"