అక్క పెదవులు

రండి, దగ్గరగా కూర్చోండి. దేవుణ్ణి ఒక్కసారి తలుచుకుని చెవులిటు పడేయండి. ఇది చెవులు వినపడని ఒక పిల్ల కథ.

ఆ పిల్లకో అక్క. బడి పాఠాల రికార్డింగులు విని, వినలేని పిల్లలు చదువుకునేందుకు తెర కింద క్యాప్షన్లు రాయడం ఆమె పని. ఆ గదికి కిటికీల్లేవు. బయటి చప్పుడు రాకుండా గోడల నిండా స్పాంజి. పట్టపగలు కూడా తడిబట్టల వాసన, ఫ్యాను మూలుగు. చెల్లి ఎదురుగా కూర్చునేది. అక్క రాసింది ముందుగా చదివి, అర్థమైందో లేదో చెప్పేది తనే.

అక్కకో అలవాటుంది. విన్న మాటల్ని పెదవులతో అనుకుంటూ టైపు చేసేది.

"మేక నెమరేస్తున్నట్టుంది," అని చెల్లి సైగ చేసింది.

"చేతులు కట్టుక్కూచోవే, వాగుడుకాయా!" అంది అక్క. పెదవుల కదలిక చూసి మాట పట్టేస్తుంది చెల్లి. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ రోజు పాఠం ఊపిరితిత్తుల గురించి. చెప్పిన మాస్టారు కిందటేడే కాలం చేశారు. "విన్నదల్లా రాయాలి తల్లీ, ఆయన దగ్గు వదిలినా ఊరుకోను," అని మరీ చెప్పి వెళ్లాడు రికార్డింగు తెచ్చినాయన.

మాస్టారు గుక్క తిప్పుకోడానికి ఆగారు. ఆ ఖాళీలో ఇంకో గొంతు. తడిగా, చెవిలో నోరు పెట్టినట్టు...

"నీ ఎదురుగా ఉన్నది... నన్నెందుకు వినదు?"

అక్క రికార్డింగు ఆపింది. వెనక్కి తిప్పి మళ్లీ వింది. ఈసారి మాట మారింది.

"దాన్ని నా దగ్గరికి పంపు. రాయి. రాయవే!"

రాస్తే చెల్లి చదువుతుంది. ఆ గొంతు అందనిది చెల్లి ఒక్కదానికే. ప్రాణం పోయినా రాయకూడదనుకుని, మీటల మీంచి చేతులు తీసేసింది.

గొంతు నవ్వింది. "పోన్లే... నువ్వు రాయక్కర్లేదు."

అక్క తలెత్తింది. చెల్లి తెర వైపు చూడట్లేదు. అక్క పెదవుల వైపే చూస్తోంది. రెప్పవేయకుండా.

ఆ పెదవులు కదులుతున్నాయి. అక్క కదపడం లేదు...

"రా... ఊపిరి వదిలేసి రా."

చెల్లి ఊపిరి వదిలింది. మళ్లీ తీసుకోలేదు. ముఖం నీలంగా మారుతోంది. అయినా నవ్వుతోంది.

అక్క హెడ్‌ఫోన్లు పీకి విసిరేసింది. పెదవులు ఆగలేదు. అరచేత్తో నోరు అదిమేసింది. ఆమె పళ్లే ఆమె చేతిని కొరికాయి. నెత్తురు కారుతున్నా చెయ్యి తియ్యలేదు. లోపల్లోపల ఒకటే మాట... దేవుడా, దేవుడా.

చెల్లి ఒక్క ఉదుటున గాలి పీల్చి, అక్క ఒళ్లో పడింది.

రికార్డింగులో ఆ గొంతున్న ముక్కని అక్క కోసి పారేసింది. మిగిలిన పాఠం బడికి వెళ్లింది. తెర మీద పొల్లు మాట లేదు. కానీ ఒక్కరికీ వినపడని ఆ తరగతిలో, మాస్టారు గుక్క తిప్పుకున్న చోట, పిల్లలందరూ బెంచీ మీద కాస్త పక్కకి జరిగారట. ఎవరికో చోటిచ్చినట్టు.

ఎవరికని నన్నడక్కండి బాబూ. అక్క చేసిన ఒక్క పని గుర్తుంచుకోండి. నోట్లో మాట తనది కాదని తెలిసిన క్షణాన, నెత్తురొచ్చినా సరే, చెయ్యి అడ్డం పెట్టింది. మీరూ అదే చెయ్యండి.