వెనక వరుస పాట

అలాస్కా ఓడలో పొగమంచు పడిన రోజున చేయడానికి పెద్దగా పనేమీ ఉండదు. తినాలి, లేదా తిన్నది అరిగేదాకా డెక్కు చుట్టూ తిరగాలి. ఆ రోజు కెచికాన్‌లో ఆగాల్సింది. రేవు కనిపించడం లేదని కెప్టెన్ మైకులో చెప్పి, ఓడని ఆపకుండానే పోనిచ్చాడు. ఇక మళ్ళీ నేల మీద కాలు పెట్టేది తిరిగి సియాటిల్ చేరాకే.

మా అక్క ఆర్డిస్, నేను భోజనాల హాల్లో కూర్చుని చేపల సూపు తాగుతున్నాం. బావ నోర్వల్ పోయాక అక్క డులూత్‌లో ఇల్లు కదల్లేదు. మంచు పడినా, కరిగినా అదే సోఫా, అదే దుప్పటి. చూడలేక నేనే ఈ టికెట్లు కొన్నాను. చవగ్గా వస్తుందని లోపలి గది తీసుకున్నాను. కిటికీ ఉండదు. లైటు తీస్తే మిట్టమధ్యాహ్నం కూడా బావి అడుగున పడుకున్నట్టే.

"పైన బొమ్మల వేలం పాటట. షాంపేన్ ఊరికే పోస్తారట," అంది అక్క.

"ఊరికే పోస్తున్నారంటేనే అనుమానించాలి."

"నీకు పుట్టినప్పటి నుంచీ అనుమానమేగా లవోన్. పద, ఓ గ్లాసు తాగేసి వచ్చేద్దాం."

పై హాల్లో గోడల నిండా బొమ్మలు. బంగారు రంగు ఫ్రేములు, వాటిమీద చిన్న చిన్న దీపాలు. పాట నడిపే కుర్రాడి పేరు డంకన్. మెరిసే బూట్లు, తేనె పూసిన నోరు. మా చేతిలో అంకె రాసిన అట్ట ఒకటి పెట్టి, గ్లాసులు నింపించి, ముందు వరుసలో కూర్చోబెట్టాడు. మొదటి బొమ్మలు ఏవేవో అమ్ముడుపోయాయి. అక్క రెండో గ్లాసు కూడా తాగేసింది. నేను లేద్దామంటుండగా ఆ బొమ్మ బయటికి తెచ్చారు.

ఓ సరస్సు. నీళ్ళలోకి సాగిన చెక్క వంతెన. చుట్టూ మంచు తెర. మనుషులెవరూ లేరు.

"మీ బావ చేపలు పట్టే చోటులా లేదూ?" అంది అక్క. గొంతు మారిపోయింది.

"మంచులో అన్ని సరస్సులూ అలాగే ఉంటాయి అక్కా."

అప్పటికే తను అట్ట ఎత్తేసింది.

"మంచిది. వెనక వరుసలో ఆవిడ పెంచారు," అన్నాడు డంకన్.

తిరిగి చూశాను. వెనక వరుస మొత్తం ఖాళీ. ఎర్ర వెల్వెట్ కుర్చీలు, వాటి వెనక అద్దాల తలుపు, దానికి ఆనుకుని తెల్లగా పొగమంచు. అక్క మళ్ళీ ఎత్తింది. వెనక ఆవిడ మళ్ళీ పెంచిందన్నాడు.

"అక్కా, వెనక ఎవరూ లేరు. నిన్ను ఆడిస్తున్నాడు."

"ఉందిగా ఆ చివర కుర్చీలో. బూడిదరంగు కోటు. పాపం, తడిసిపోయి ఉంది." అక్క అటునుంచి చూపు తిప్పకుండా చెప్పింది. "నన్నే చూస్తోంది."

అక్క మణికట్టు పట్టుకుని కిందకి లాగాను. పుస్తకాల సంచి కూడా మొయ్యలేని మనిషి, నన్ను కుర్చీలోంచి లేపేంత బలంగా చెయ్యి పైకి ఎత్తింది. డంకన్ "మూడోసారి" అని సుత్తి కొట్టేసరికి ధర ఎంతకెక్కిందంటే, ఆ డబ్బుతో మా ఇద్దరి ఇళ్ళ కప్పులూ కొత్తగా వేయించుకోవచ్చు.

అక్క చేత సంతకం పెట్టించుకున్నాకే అసలు సంగతి చెప్పారు. అక్కడ చూపించింది మాకివ్వరట. అచ్చం అలాంటిదే గోడౌన్ నుంచి ఇంటికి పంపుతారట. వద్దు, రద్దు చేసెయ్యమన్నాను.

"సుత్తి పడ్డాక వెనక్కి తీసుకోం అమ్మా," అన్నాడు డంకన్ నవ్వుతూ. నవ్వుతూనే ఒకసారి చివరి కుర్చీ వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

గదికొచ్చాక అక్క మంచం మీద వాలింది. తలనొప్పిగా ఉంది, లైటు తియ్యమంది. నేను కూడా పక్క మంచం మీద వాలాను. చీకటి. గోడల వెనక ఎక్కడో యంత్రాల గుర్రు. ఉండుండి, పొగమంచుకని మోగించే ఓడ హారన్ మూలుగు. ఆ మూలుగు ఆగినప్పుడల్లా నిశ్శబ్దం ఇంకాస్త దగ్గరికి జరిగినట్టుండేది.

కాసేపటికి వాసన వచ్చింది. తడిసిన ఉన్ని వాసన. దాని కింద ఇంకోటి... చెరువు అడుగు బురదలాంటిది. ఉప్పు వాసన కాదు. సముద్రంది కాదు.

తలుపు అవతల ఎవరో గుసగుసలాడుతున్నారు. మాటలు తెలియడం లేదు. ఒకటే పాటగా... పైకి పోతూ... ఆగి, జవాబు కోసం చూస్తూ...

"పెంచుతున్నాను," అంది అక్క.

లైటు వేశాను.

అక్క కళ్ళు మూసుకుని ఉంది. కుడిచెయ్యి మాత్రం నిటారుగా పైకి లేచి ఉంది. వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. దించబోయాను. దిగలేదు. చల్లగా, ఇనుప కమ్మీలా ఉంది.

"ఏం పెంచుతున్నావే అక్కా?"

"ఇల్లు ఇస్తానన్నాను," గొణిగింది. "చాలదంది. నోర్వల్ పడవ ఇస్తానన్నాను. చాలదంది."

"ఇంకేం కావాలట?"

అక్క ఎత్తిన చెయ్యి ఇంకాస్త పైకి సాగింది.

"నన్నే పాటలో పెట్టమంటోంది."

తలుపు తీశాను. నడవాలో ఎవరూ లేరు. రెండు వైపులా ఒకేలాంటి తలుపులు, కనుచూపు మేర. మా గుమ్మం ముందు కార్పెట్ మాత్రం తడిసి నల్లగా ఉంది. కాలు పెడితే పిచుక్కుమంది.

ఎక్కడికి పోను? దిగడానికి రేవు లేదు. పిలవడానికి ఊరు లేదు. ఓడ డాక్టరుకి ఫోన్ చేస్తే నిద్రమాత్ర వేస్తానన్నాడు. నిద్రలోనే కదా అక్క పాట పెంచుతున్నది. గదులు తుడిచే ఆమెని బతిమాలి అక్క దగ్గర కూర్చోబెట్టి, పై హాలుకి పరిగెత్తాను.

డంకన్ ఒక్కడే ఉన్నాడు. బొమ్మల మీద గుడ్డలు కప్పుతున్నాడు.

"వెనక ఎవరూ లేరని నీకు తెలుసు," అన్నాను.

చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అందరూ చేసేదే అమ్మా. పోటీ లేకపోతే ధర ఎక్కదు. ఏదో ఒక ఖాళీ కుర్చీ వైపు చూసి, అక్కడెవరో పెంచారంటాం. నేను ఎప్పుడూ ఆ చివరి కుర్చీనే చూపిస్తాను."

"మరి ఇవాళ?"

అతను చేతిలోని గుడ్డ కింద పెట్టాడు.

"ఈ మధ్య నేను చూపించకముందే అక్కడ చెయ్యి లేస్తోంది."

ఇద్దరం అటు చూడలేదు.

"అయితే ఆవిడకే ఇచ్చెయ్. మా అక్క పేరు కొట్టేసి ఆవిడకి సుత్తి కొట్టు."

"ఆవిడ పాట మీద ఇంతవరకూ సుత్తి కొట్టలేదమ్మా. పక్కవాళ్ళు పెంచేదాకా ఆగుతాను. కొడితే ఏమవుతుందో నాకు తెలీదు."

"మా అక్క చెయ్యి దిగట్లేదు బాబూ. నిద్రలో తనని తానే పాడుకుంటోంది. నువ్వు పిలిచిన మనిషి. నువ్వే పంపించు."

అతను అక్క సంతకం పెట్టిన కాగితంలో పేరు కొట్టేసి, సుత్తి తీసుకున్నాడు. ఆ సరస్సు బొమ్మ మీద గుడ్డ తొలగించాడు. ఖాళీ వరుసలకి ఎదురుగా నిలబడి, పాట మొదలుపెట్టాడు.

"ఒకటోసారి..."

ఓడ హారన్ మోగాల్సిన సమయం. మోగలేదు.

"రెండోసారి..."

బురద వాసన.

"మూడోసారి."

సుత్తి పడింది. చివరి కుర్చీ మీద నొక్కుకుపోయి ఉన్న మెత్త, మెల్లగా... ఎవరో లేచినట్టు... పైకి ఉబికింది.

నేను గదికి వచ్చేసరికి అక్క మంచం మీద కూర్చుని బిస్కెట్లు తింటోంది. చెయ్యి దిగిపోయింది. వేలం పాట తప్ప ఇంకేమీ గుర్తులేదు. కొన్నది రద్దయిందని చెబితే, "పోనీలే, ఆ బొమ్మ చూస్తూ ఏడుస్తూ కూర్చునేదాన్ని," అని నవ్వింది. బావ పోయాక అంత తేలిగ్గా నవ్వడం అదే మొదటిసారి. ఆమెని గట్టిగా పట్టుకుని నేను ఏడ్చాను. ఎందుకో చెప్పలేదు.

మర్నాడంతా ఎండ. ఆ మరుసటి పొద్దున సియాటిల్. అక్క కొడుకు డేల్ టకోమా నుంచి కారులో వచ్చి బయట ఉంటానన్నాడు. మూడు నాలుగు వందల మంది వరుసలో నించున్నాం. గేటు దగ్గర యూనిఫాం అతను ఒక్కొక్కరి ఓడ కార్డూ యంత్రానికి చూపించి పంపుతున్నాడు. నాది టింగుమంది. అడ్డంగా ఉన్న కమ్మీ దాటాను. వెనకే అక్క కార్డు ఇచ్చింది.

మోగలేదు.

అతను మళ్ళీ పెట్టాడు. తెర మీదకి వంగి చూశాడు. ఆ తర్వాత అక్క మొహంలోకి చూశాడు.

"ఈవిడ ఇందాకే దిగిపోయారు. అందరికంటే ముందు. నేనే పంపించాను."

"ఇదిగో, ఇక్కడే ఉంది కదండీ," అన్నాను.

అతను కమ్మీ మీద చెయ్యి అడ్డం పెట్టి అక్కని అడిగాడు. "మీరెవరండీ? ఈ కార్డు మీకెక్కడిది?"

వెనకున్నవాళ్ళు తోసుకుంటున్నారు. ఇంకో ఇద్దరు యూనిఫాం వాళ్ళు వచ్చి అక్కకి చెరో పక్కా నిలబడ్డారు. అప్పుడే నా ఫోన్ మోగింది. డేల్.

"ఎవరే, డేలేనా? వస్తున్నానని చెప్పు," అంది అక్క కమ్మీకి అవతలి నుంచి.

"పిన్నీ, నువ్వెక్కడ? అమ్మ ఎప్పుడో వచ్చేసింది. కారులో కూర్చుంది."

నేను కమ్మీకి అవతలున్న అక్క వైపు చూశాను.

"ఒంట్లో బాలేదా ఏంటి అమ్మకి? ఒక్క మాట లేదు. కోటంతా తడి," డేల్ గొంతు తగ్గించాడు. "సీటు బెల్టు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది, అదేంటో తెలీనట్టు. నేనే పెట్టాను."