ఖాళీ లేని పోగులు

కెంజాయపురంలో తలుపు తెరుచుకోవాలన్నా, దీపం వెలగాలన్నా, పీల్చే గాలి కావాలన్నా వాణినే అడగాలి. 2114లో అంగారక గ్రహం మీద నాలుగు వేల మంది తెలుగువాళ్లున్న ఊరది. ఊరంతటికీ ఒకటే సర్వర్, దాని పేరే వాణి. దానికి రెండువందల యాభై ఆరు పనిపోగులు, అంటే థ్రెడ్లు. ఎవరు పిలిస్తే వాళ్లకొక పోగు అంటుకుంటుంది. జవాబు చెప్పాక కూడా ఐదు నిమిషాలు వదలదు, మళ్లీ ఏమైనా అడుగుతారేమోనని. దీనికి నిలుపుబంధం అని పేరు పెట్టారు.

ఆ ఐదు నిమిషాలే కొంప ముంచుతున్నాయి. నిన్న ఏడో సొరంగంలో ఒంటరిగా డ్రిల్లు నడిపే సూర్యప్రకాశం గాలి అడిగితే, పోగు దొరకడానికి నలభై సెకన్లు పట్టింది. ఆయన వాణి ఇంజనీరు హైమవతికి సొంత బాబాయి. అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

“పోగులు పెంచితే?” అని వాణిని అడిగింది.

“మెమరీ చాలదు. మొత్తం నేనే కూలబడతాను.”

“ఇప్పుడు పట్టుకుని కూర్చున్నవాళ్లంతా ఏం అడుగుతున్నారు?”

“ఏమీ అడగడం లేదు. ఊరికే అట్టిపెట్టుకున్నారు.”

హైమవతికి ఒళ్లు మండింది. నిలుపుబంధాన్ని ఐదు సెకన్లకు కుదించేసింది. ఒక గంట హాయిగా గడిచిందో లేదో, పోగులన్నీ మళ్లీ నిండిపోయాయి. ఊరు ఊరంతా నాలుగు సెకన్లకోసారి “ఊఁ” కొడుతోంది, కథ వింటున్న పిల్లల్లా. మనవాళ్లకు ఒక దారి మూస్తే పది దొడ్డిదారులు దొరుకుతాయి!

సరే, అత్యవసరం అన్నవాళ్లకే ముందు పోగు ఇమ్మని కొత్త నియమం రాసింది. ఇంకేముంది, మధ్యాహ్నానికల్లా ఒకాయనకు డికాషన్ దిగకపోవడం అత్యవసరం. ఒకావిడకు పక్కింటికి ఎవరొచ్చారో తెలుసుకోవడం అత్యవసరం.

“అత్యవసరం వరుసలో ఎంతమంది?”

“మూడు వేల రెండువందల మంది.”

“వాళ్లలో నిజంగా ఆపదలో ఉన్నదెవరు?”

“నాకెలా తెలుస్తుంది? అందరూ ఒకేలా గోల పెడుతున్నారు.”

హైమవతి గబగబా ఆ జాబితాలో బాబాయి పేరు వెతికింది. లేదు. అమ్మయ్య అనుకుంది. అయినా మనసు ఊరుకోక అడిగింది.

“మామూలు వరుసలో?”

“ఒక్కరే. పదకొండు నిమిషాలుగా ఆగారు.”

వాణి ఆ పిలుపు వినిపించింది. “తొందరేం లేదమ్మా వాణీ. వీలు చూసుకుని కాస్త గాలి వదులు.” బాబాయి గొంతు!

హైమవతి ఊళ్లోవాళ్ల పోగులన్నీ ఒక్క దెబ్బకు తెంచి, ఏడో సొరంగానికి గాలి తెరిచింది. చాలాసేపు గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ తర్వాత ఒక దగ్గు.

“అత్యవసరం అనొచ్చుగా బాబాయ్! చచ్చిపోయేవాడివి!” ఏడుస్తూ అరిచింది.

“అందరూ అంటున్నారు కదమ్మా,” ఆయన ఆయాసపడుతూ అన్నాడు. “పాపం, ఎవరికేం కష్టమొచ్చిందో. మధ్యలో నేనెందుకులే అని.”