అసలుతో సరిచూడబడినది

బొటాటౌంగ్ రేవు వెనకాల, టేకు దుంగలు పేర్చే చోటుని ఆనుకుని ఒక ఖాళీ బంగళా ఉండేది. చీకటి పడ్డాక దాని ముందునుంచి ఎవరూ నడిచేవారు కారు. పగలల్లా బస్తాలు మోసి కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి పోయే మన కూలీలు కూడా గోడౌన్ల చుట్టూ అరమైలు తిరిగి పోయేవారు గాని ఆ దారి తొక్కేవారు కారు. బర్మావాళ్ళు లోపల నాట్ ఉందనేవారు, మనవాళ్ళు దెయ్యం అనేవారు. పేరేదైనా ఇద్దరూ చెప్పేది ఒకటే. ఆ గోడ పక్కన మాట్లాడుకుంటూ పోతే, మాటకీ మాటకీ మధ్య లోపల్నించి ఎవరో ఊఁ కొడతారు.

మెల్లగా... శ్రద్ధగా వింటున్నట్టు.

అలాంటి ఇంట్లో కూర్మనాథం పదకొండు రాత్రులు కూర్చున్నాడు. సరదాకి కాదు.

కూర్మనాథం గంజాం వైపు మనిషి. పర్లాకిమిడిలో మెట్రిక్ దాకా చదివి, రంగూన్ వచ్చి, కోర్టులో నకళ్ళు రాసే గుమస్తాగా ఇరవయ్యేళ్ళు చేశాడు. ఒక్కతే కూతురు, రత్నం. అల్లుడు దండాసి రేవులో మేస్త్రీ. జెట్టీ మీద జరిగిన కొట్లాటలో మూడేళ్ళు శిక్షపడి ఇన్సేన్ జైల్లో రాళ్ళు కొడుతున్నాడు. పందొమ్మిదివందల ఇరవయ్యేడు వేసవిలో రత్నం చూడ్డానికి వెళ్తే, కమ్మీల అవతల దగ్గి, ఉమ్మి, దాని మీదికి కాలితో మట్టి తోశాడు. ఎరుపు కనపడనే కనపడింది. వానలు పట్టుకుంటే ఇంక ఈ మనిషి దక్కడని జైలు కాంపౌండరే చెప్పాడు.

అప్పుడు కబురు పెట్టాడు హాస్కిన్ దొర. టేకు వ్యాపారి, జైలు తనిఖీకి వెళ్ళే పెద్దమనుషుల్లో ఒకడు. ఆయన ఉత్తరం ఒక్కటి ఉంటే జబ్బు ఖైదీని వదిలేస్తారు. యాభై దాటిన ఆ దొరకి ఇంగ్లండులో ఒక కర్నలు కూతురితో పెళ్ళి కుదిరింది. సంబంధాల దగ్గర మనవాళ్ళే పట్టుదల మనుషులనుకుంటాం గాని, ఆ కర్నలు మనవాళ్ళకంటె నాలుగాకులు ఎక్కువే చదివాడు. వంశం తీరు కాగితం మీద చూస్తేగాని పిల్లనివ్వనన్నాడు.

హాస్కిన్‌ల దగ్గర ఒక ఇనప్పెట్టె నిండా పాత వీలునామాలున్నాయి. నూటయాభై ఏళ్ళ కిందట విశాఖపట్నంలో కుంఫిణీ కొలువు చేసిన తాతముత్తాతలవి. వాటికి కోర్టు గుమస్తా సంతకంతో నకళ్ళు కావాలి. పెట్టె రేవు వెనక తమ ఖాళీ బంగళా గడప దాటకూడదు. రెండో మనిషి చూడకూడదు. పగలు కోర్టు ఉంది గనక రాత్రిళ్ళు రాయాలి. పని ముగిసిన మర్నాడు ఉత్తరం.

ఇంగ్లీషువాళ్ళకో గుణముంది. బతికున్నన్నాళ్ళూ ఎన్ని మాటలైనా మారుస్తారు, వీలునామా దగ్గరకొచ్చేసరికి మాత్రం చెంచాల దగ్గర్నించి నిజం రాస్తారు. విరిగిన గడియారం, కుంటి గుర్రం, పెరట్లో రోలు, ఏదీ వదలరు. ఎవరు ఎవరికి ఏమవుతారో పెళ్ళి పుస్తకాల్లో దొరకనిది వీలునామాల్లో దొరుకుతుంది. పోతూ పోతూ ఎవరికేమిచ్చాడో చూస్తే, ఎవరినేమనుకున్నాడో తెలిసిపోతుంది.

మొదటి సాయంత్రం తోటమాలి పోలయ్య దీపం వెలిగించి, వెనక గోడలో ఉన్న గూట్లో మూతవేసిన కంచం ఒకటి పెట్టాడు.

“ఎవరికది?” అన్నాడు కూర్మనాథం.

“దానికే బాబూ. ఎట్టకపోతే ఊరుకోదు.”

“తింటుందేమిటి?”

“మీరు సదువుకున్నోరు, నవ్వుతారు. తెల్లారేసరికి కంచం కాళీ. దొరగోరి ఆర్డరు, నాకేటి తెలుస్తాది.” గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “ఆకలేసి మీరు గాని తినీసీరు. అది లెక్క సూసుకుంటాది.”

నకలు రాయడం ఒక పని, సరిచూడడం ఇంకో పని. కోర్టులో అయితే ఒకడు నకలు పైకి చదువుతాడు. రెండోవాడు అసలు మీద వేలుపెట్టి, వరస సరిపోయినప్పుడల్లా ఊఁ అంటాడు. ఊఁ పడలేదంటే అక్కడ తప్పుందన్నమాట. ఆఖరి వరసకి కూడా ఊఁ పడ్డాకే కింద ‘అసలుతో సరిచూడబడినది’ అని సంతకం.

ఇక్కడ రెండోవాడు లేడు. కూర్మనాథమే పైకి చదువుకునేవాడు. ఆ పాత ఇంగ్లీషు కొరుకుడు పడక, వరసవరసకీ తెలుగులో అర్థం కూడా చెప్పుకునేవాడు. రాసేటప్పుడొకసారి, సరిచూసేటప్పుడొకసారి.

రెండోనాటి రాత్రి. మొదటి కాగితం సరిచూస్తున్నాడు.

“నా పెద్ద మంచం, నా తమ్ముడికి...”

ఊఁ.

కలం ఆగిపోయింది. బల్లి కాదు. గాలి లేదు. నది మీద పడవలు కూడా కదలడం లేదు.

లేచి గేటు దాకా పోయాడు. అక్కడ నిలబడి అల్లుడి కాలికింద మట్టి తలుచుకున్నాడు. తిరిగొచ్చి కూర్చుని, తరవాతి వరస చదివాడు.

ఊఁ.

మనిషి దేనికైనా అలవాటు పడతాడు. అయిదో రాత్రికల్లా ఆ ఊఁ లేకపోతే అతనికి తోచేది కాదు. ఒకచోట ‘వెండి’ అన్న మాట జారిపోయింది, ఊఁ పడలేదు. వెతికితే తప్పు దొరికింది. కోర్టులో ఇంత నమ్మకమైన జత తనకెప్పుడూ దొరకలేదనుకున్నాడు.

తొమ్మిదో రాత్రి అసలు సంగతి బయటపడింది.

పదిహేడువందల అరవైమూడులో చచ్చిపోయిన పెద్ద హాస్కిన్ ఇలా రాశాడు: ‘నా బానిస పైడి, నా కొడుకు జాన్‌కి తల్లి, నా తరవాత స్వేచ్ఛగా బతకవలెను.’ ముప్ఫయ్యేళ్ళ తరవాత ఆ జాన్ రాసిన వీలునామాలో, గుర్రాల కింద, పింగాణీ గిన్నెలకి పైన, ఒక వరస ఉంది: ‘ముసలి బానిస పైడి, నా భార్యకు.’

కూర్మనాథం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చదివాడు. తండ్రి వదిలెయ్యమన్న మనిషిని, కన్నతల్లిని, కొడుకు వదల్లేదు. సామానులో కలిపి రాశాడు.

పదో సాయంత్రం దొర వచ్చాడు. నకళ్ళన్నీ నిలబడే చదివాడు. ఆ రెండు వరసల మీదా పెన్సిల్‌తో గీతలు గీశాడు.

“ఇవి లేకుండా మళ్ళీ రాయి,” అన్నాడు ఇంగ్లీషులో.

“నకలంటే అంతా ఉండాలి దొరా. సంతకం నాది.”

దొర టోపీ పెట్టుకుంటూ ఆకాశంకేసి చూశాడు. “ఈసారి వానలు తొందరగా వస్తాయంటున్నారు. నీ అల్లుడిది ఏ వార్డు?”

పదకొండో రాత్రి కూర్మనాథం ఆ రెండు కాగితాలూ తిరగరాశాడు. ఇంక సరిచూడడమే మిగిలింది. ఎవరికోసం పైకి చదవాలి? కాని ఇరవయ్యేళ్ళ అలవాటు. నోరు దానంతటదే చదివింది.

“నా రెండు గుర్రాలు, నా భార్యకు.”

ఊఁ.

“నా పింగాణీ గిన్నెలు, నా భార్యకు.”

...

మళ్ళీ చదివాడు. లేదు. గొంతు తగ్గించి చదివాడు. గోడ అవతల ఎవరో ఊపిరి పీల్చి, బిగబట్టినట్టుంది.

“పింగాణీ గిన్నెలు...”

“దాని ముందరిది ఏటయ్యింది?”

గుసగుస. తెలుగు.

కూర్మనాథం దీపం పట్టుకుని లేచాడు. కాళ్ళు అటు పోయాయో, అతనే నడిచాడో తెలీదు. వసారా తిరిగితే వెనక గది. తలుపుకి బయటనుంచి గడియ. గడియ తీశాడు.

మొదట వాసన వచ్చింది. తరవాత రెండు కళ్ళు... చాప మీద ఒక ముసలామె, ఎముకల గూడు, దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె పక్క గోడలో పోలయ్య కంచం పెట్టే గూడు. దానికి వెనక పలక లేదు, కంచం ఇటువైపుకీ అందుతుంది.

“రాసినప్పుడు ఒకపాలి సదివినావు కదేటి బాబూ,” అంది. “పైడి అన్నావు. ఇప్పుడెందుకు ఒగ్గీసినావు?”

కూర్మనాథం దీపం కాస్త దించాడు. “ఎవరు నువ్వు?”

“చిలకమ్మని. బీమిలీ మాది. పెద్దదొర ఓడెక్కించి తెచ్చీసినాడు. రాబట్టు అప్పుడు సంకలో గుంటడు.” దొర పేరు రాబర్ట్ హాస్కిన్. “తండ్రి పోయినాక ఈడు నన్ను అమ్మా అనడం మానీసి ఆయా అన్నాడు. ఆనక అదీ అన్నేదు. నాను పలకడం మానీసినాను. సెవుడనుకున్నాడు.”

బయట ఎక్కడో దుంగ ఒకటి నీళ్ళలోకి జారిన చప్పుడు.

“నన్ను తీసుకెళ్ళమన్ను బాబూ, ఎక్కడికెళ్తాను. ఆ ముసిల్దాయి పేరు ఒగ్గీకు. అంతే.”

కూర్మనాథం ఆమెకేసి చూశాడు. ఆ గుంటలు పడ్డ బుగ్గల్లో అతనికి దండాసి మొహమే కనపడింది.

తలుపు మూశాడు. గడియ తుప్పుపట్టి ఉంది, ఒంటిచేత్తో పడలేదు. దీపం కింద పెట్టి, రెండు చేతులతో వేశాడు.

బల్ల దగ్గరకొచ్చి, ‘అసలుతో సరిచూడబడినది’ అని రాసి, సంతకం చేశాడు.

మర్నాడు దొర ఆఫీసులో ఉత్తరం సిద్ధంగా ఉంది, బల్లకి అవతల. దొర నకళ్ళు చూసి సొరుగులో పెట్టుకుని, ఇంకో కాగితం ముందుకు తోశాడు.

“పెళ్ళికి ముందు నాది కూడా రాసుకున్నాను. ఒక నకలు.”

కూర్మనాథం అక్కడే కూర్చుని రాశాడు. రాసి, చదివి వినిపించాడు. టేకు వ్యాపారం, వాటాలు, తుపాకులు. చివర్న, “బొటాటౌంగ్ బంగళా, లోపలున్నదంతా ఉన్నట్టుగా, నా భార్యకు.”

అతని గొంతు అక్కడ ఆగింది. ఆగకుండా ఉండాల్సింది.

దొర కుర్చీలోంచి ముందుకి వంగాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ మనిషి నోట ఇంగ్లీషూ, నౌకర్లతో హిందుస్తానీ తప్ప ఇంకో మాట రంగూన్‌లో ఎవరూ వినలేదు. నెమ్మదిగా, గుసగుసగా, అచ్చం భీమిలి రేవులో పుట్టిపెరిగినవాడిలా అడిగాడు:

“నోపలేటున్నాది?”

కూర్మనాథం కళ్ళు దించాడు. బల్ల మీద ఉత్తరం. దాని మీద దొర అరచెయ్యి.

“పాత సామాను, దొరా,” అన్నాడు.

దొర చెయ్యి తీశాడు.