పొక్కు మానేదాకా

తమిళనాడు విళాత్తికుళంలో మిరప పండించే ముత్తురామన్‌కి ఆదివారం కోవిల్పట్టిలో పెళ్ళిచూపులు. మొటిమల మచ్చలకి సన్న సూదుల ట్రీట్‌మెంట్ చేయించుకుందామని విరుదునగర్ స్కిన్ క్లినిక్‌కి వచ్చాడు.

నర్సు సంగవి చేతులు కడుక్కుని, గ్లవుజులు తొడుక్కుని, లైటు దగ్గరికి లాగింది. చూసి, గ్లవుజులు తీసేసింది.

"పెదవి మూల పొక్కుంది. మానేదాకా డాక్టరమ్మ చెయ్యరు," అంది తమిళంలో.

"దాన్ని వదిలేసి మిగతా ముఖం చెయ్యండి."

"సూది గుచ్చితే ఆ ఇన్ఫెక్షన్ ముఖమంతా పాకుతుంది సార్."

ముత్తురామన్ విసుగ్గా అమ్మకి ఫోన్ చేసి, ఇంటి తెలుగులో మొర పెట్టుకున్నాడు. "చెయ్యనంటుండారమ్మా. ఈ నర్సుపిల్ల కండ్లు బాగుండాయి, నోరే మిరపకాయ. కట్టుకునేవాడు ఏం పాట్లు పడతాడో!"

"వాడి పాట్లు వాడు పడతాడులెండి," తెలుగులోనే అంది సంగవి, ట్రే సర్దుతూ. "మాది సాత్తూరు. ఇంట్లో మేమూ ఇదే మాట్లాడేది."

ముత్తురామన్ గబుక్కున ఫోన్ కట్ చేశాడు. "తప్పయిపోయింది..."

"పొక్కును గిల్లొద్దు. ఇంకోచోటికి పోతే మాత్రం, సూది ప్యాకెట్ మీ కండ్ల ముందే చించమనండి."

శనివారం అతను కోవిల్పట్టిలో ఒక పార్లర్‌కి పోనే పోయాడు. పొక్కు సంగతి అక్కడెవరూ అడగలేదు. సూదుల రోలర్‌ని డబ్బాలోంచి తీసి, గుడ్డతో తుడిచారు.

"కొత్త ప్యాకెట్ లేదా?"

"ఇదే బాగా పనిచేస్తుందన్నా. పొద్దున్నుంచి అందరికీ దీంతోనే."

ముత్తురామన్ లేచి వచ్చేశాడు. బస్సులో కూర్చున్నాక సంగవి మాటలు గుర్తొచ్చాయి. తను నోటికొచ్చినట్టు మాట్లాడినా, తన ముఖం పాడవకూడదనే చూసింది ఆ పిల్ల.

ఇంటికి రాగానే అమ్మ పట్టమ్మాళ్ దగ్గర కూర్చున్నాడు. "రేపు పిల్లను చూసేది వొద్దమ్మా. మనసు ఇంకోచోట పెట్టుకుని పోతే తప్పు. వాళ్ళకి ఇప్పుడే చెప్పేద్దాము."

"ఎవుర్రా ఆ పిల్ల?"

చెప్పాడు. పట్టమ్మాళ్ కోవిల్పట్టి వాళ్ళకి ఫోన్ చేసి, రావడం లేదని చెప్పింది. "ఆ పిల్లను నేనొకసారి చూడాల," అంది తర్వాత.

పొక్కు మానాక తల్లీకొడుకులిద్దరూ క్లినిక్‌కి వచ్చారు. బయట సన్నగా వాన. సంగవి కొత్త సూది ప్యాకెట్ అతనికి చూపించి, చించి డాక్టరమ్మకి అందించింది. పని ముగిసి డాక్టరమ్మ వెళ్ళాక అతను మెల్లగా అన్నాడు.

"ఆ పాట్లేవో నేనే పడతాను. సమ్మతమా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ముఖం కదిలించొద్దు."

"జవాబు?"

"చెయ్యి పట్టుకోవాలని చూడొద్దు. గ్లవుజులు వేసుకునుండాను." కానీ నవ్వు ఆగలేదు.

బయట బెంచీ మీద కూర్చున్న పట్టమ్మాళ్ దగ్గరికి సంగవే వచ్చింది. పెద్దావిడ ఆమెను తేరిపార చూసింది.

"మీ నాయనతో మాట్లాడాల. ఎప్పుడుంటారమ్మా ఇంట్లో?"

"అగ్గిపెట్టెల కంపెనీనుంచి సాయంత్రానికి వచ్చేస్తారు..." సంగవి తల వంచుకుంది. "రండి అత్తా."