పారిపోయినవాడి నోరు

నా ఉద్యోగం నోళ్లు గీయడం. నవ్వకండి, నిజంగానే. టీవీలో కార్టూన్ సీరియల్ వస్తుంటే బొమ్మల పెదాలు కదులుతాయి చూశారూ, ఆ పెదాలు నావి. గొంతులు ముందే రికార్డు చేస్తారు. నేను వింటూ "అ" అన్నచోట తెరిచిన నోరు, "మ" అన్నచోట మూసిన నోరు పెట్టుకుంటూ పోతాను. ఇన్ని బొమ్మలకి నోరిచ్చిన మహానుభావుడి సొంత నోట్లోంచి మాత్రం మూడే మాటలు వస్తాయి: సరేనండి, పర్లేదండి, అలాగేనండి.

మిగతావన్నీ లోపలే ఉంటాయి. ఇప్పుడు మీరు వింటున్నవి అవే.

మా సీరియల్ హీరో పేరు బుద్ధిమంతుడు. తన కాలు తొక్కినవాడికి తనే సారీ చెప్పే రకం. నన్ను చూసే రాశారని స్టూడియో అంతా అంటుంది. పర్లేదండి అంటాను. ఈసారి ఎపిసోడ్‌లో అతను గడ్డం గీసుకుంటుండగా, అద్దంలో ఉన్న బుద్ధిమంతుడు "ఇక నావల్ల కాదు" అని బయటికి దూకి పారిపోతాడు. వాడే రెండోవాడు. మొదటివాడు ఇన్నేళ్లూ మింగిన మాటలన్నీ ఊరంతా తిరిగి చెప్పేస్తాడు. పై అంతస్తు అమ్మాయికి చెప్పాల్సినవి కూడా.

రెండోవాడికి గొంతివ్వాల్సిన పెద్ద ఆర్టిస్టు ఎప్పటిలాగే వేరేచోట బిజీ. ఆయన వచ్చేదాకా పని ఆగకుండా, ఎవరో ఒకరి గొంతు తాత్కాలికంగా పెట్టుకోవడం మా దగ్గర మామూలే. ఆ ఎవరో ఒకరి కోసం డైరెక్టర్ మేడమ్ చుట్టూ చూశారు. కాదనడం చేతకానివాడు గదిలో ఒక్కడే ఉన్నాడు.

అలా రికార్డింగ్ గదిలో పడ్డాను. గాజు పలకకి అవతల కొత్తగా చేరిన సౌండ్ ఇంజినీరు. మేడమ్ గారి మేనకోడలు. చెవులకి హెడ్‌ఫోన్స్, చేతిలో చల్లారిన టీ, ముఖంలో ఓపిక అనేది మచ్చుకైనా లేదు.

"ఊఁ, కానివ్వండి," అంది మైకులో.

"ఒరే మేనేజరూ, నీ బుర్ర కన్నా నీ టై పొడుగ్గా ఉందిరా," అని చదివాను.

ఆమె హెడ్‌ఫోన్స్ సర్దుకుంది. "ఇప్పుడు మీరు తిట్టారా, సెలవడిగారా?"

"తిట్టానండి."

"పాపం, ఆయనకి తెలిసుండదు. ఇంకోసారి."

ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఆమె టీ కప్పు పక్కన పెట్టేసింది. "నన్ను చూస్తే భయమా మీకు?"

"పర్లేదండి."

"అదేం జవాబండీ బాబూ!" లేచి లైట్లన్నీ ఆపేసింది. "ఇప్పుడు మీరూ లేరు, నేనూ లేను. కాగితం పక్కన పడేసి, లోపల ఏముంటే అది అనండి. అత్తకి నేను చెప్పుకుంటాను."

ఆ చీకట్లో ఏమైందో నాకిప్పటికీ తెలీదు. నోరు తెరుచుకుంది. మేనేజర్ టై దగ్గర మొదలై, లిఫ్టులో ఫోన్ పట్టుకుని అరిచేవాళ్ల మీదుగా, ప్రతి ఎపిసోడ్ చివరా నీతి చెప్పించే డైరెక్టర్ల దాకా వెళ్లింది. నా చెవుల్లో ఆమె నవ్వు. పడీపడీ నవ్వుతోంది.

"ఎవరండీ మీరు? ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నారు?"

"మీరే లైటు ఆపడం ఆలస్యం చేశారు," అన్నాడు రెండోవాడు. నేను కాదు. నాకంత సీను లేదు.

లైటు వేసింది. "అదరగొట్టారు!"

"సరేనండి," అన్నాను నేను.

ఆ రోజుతో పట్టుకుంది నాకు దరిద్రం. వరండాలో ఎదురైతే చాలు, "రెండోవాడు ఉన్నాడా?" అనేది.

"లేడండి. నేనేనండి."

"అయ్యో. వస్తే చెప్పండి."

ప్రేమలో పోటీ ఎవరికైనా ఉంటుంది. తనకి తానే పోటీకి దిగి, అందులోనూ ఓడిపోయే భాగ్యం మాత్రం నాకే దక్కింది.

అయినా రోజూ నా బల్ల దగ్గరికి రెండు టీలు పట్టుకుని వచ్చేది. నేను చిన్న అద్దంలో నా పెదాలు చూసుకుంటూ గీస్తుంటే పక్కన కూర్చుని, సౌండ్ తీసేసి బొమ్మలు ఏమంటున్నాయో నోరు చూసి చెప్పేది. కొన్నాళ్లకి ఒక్కటీ తప్పేది కాదు. ఓ సాయంత్రం వాన పట్టుకుంది. మెట్ల దగ్గర నా గొడుగు ఆమె చేతిలో పెట్టాను.

"గొడుగులో ఇద్దరం పడతాం కదండీ," అంది.

"పర్లేదండి," అని వానలో పరిగెత్తాను. రెండోవాడైతే ఏమనేవాడో వారమంతా తుమ్ముకుంటూ ఆలోచించాను.

ఇంతలో ఆ పెద్ద ఆర్టిస్టు, బంగారు గొంతు, వేంచేశాడు. ఆ బిరుదు మేమిచ్చింది కాదు, ఆయనే పెట్టుకున్నాడు. లైట్లన్నీ వేసుకుని, ఒక్క ఊపులో రెండోవాడి మాటలన్నీ చెప్పేశాడు. వెళ్తూ వెళ్తూ మేనకోడలిని తనకి అడిగేశాడు కూడా. మేడమ్ ఆ కబురు సరిగ్గా నా బల్ల ముందే చెప్పారు.

"మంచి సంబంధమే అమ్మాయీ. ప్రివ్యూకి వస్తాడు. ఆ రోజు ఔనో కాదో చెప్పెయ్."

ఆవిడ వెళ్లగానే ఆమె నా వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"నేనేమంటానండి. మంచి గొంతండి."

ఆమె రెండు టీ కప్పులూ లాక్కుంది. నాది సగం కూడా తాగలేదు. "నోళ్లు గీయడమే తప్ప వాడటం రాదు మీకు," అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నేను గీయాల్సింది, రెండోవాడు పై అంతస్తు అమ్మాయి తలుపు కొట్టే సీను. "నువ్వు లేక నేను లేను, తలుపు తియ్," అంటోంది బంగారు గొంతు. విన్నాను. మళ్లీ విన్నాను. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసేసి, అద్దం దగ్గరికి లాక్కుని, వేరే నోళ్లు గీశాను. రెండోవాడు గీయించాడని తప్పించుకోను. ప్రతి నోరూ రెండుసార్లు చెరిపి గీశాను. వాడు అన్న మాట చెరపడు.

ప్రివ్యూలో బంగారు గొంతు ముందు వరసలో కాలు మీద కాలేసుకున్నాడు. తలుపు సీను వచ్చింది. ఆయన మాట అయిపోయింది. బొమ్మ నోరు మాత్రం ఆగలేదు, ఆడుతూనే ఉంది.

"నా డైలాగ్ అయిపోయాక కూడా వీడేంటి, నములుతున్నాడు?" అన్నాడాయన. అందరూ ఘొల్లుమన్నారు.

"ఎవరు గీశారిది?" అన్నారు మేడమ్, స్టూడియోలో నోళ్లు గీసేవాళ్లు పదిమంది ఉన్నట్టు.

"ఉండత్తా, సౌండ్ తీసేసి వేస్తాను." ఆమె తెరకేసి చూస్తూ నోటితో కలిపి చదవడం మొదలుపెట్టింది. "మీ... రం... టే..."

అక్కడ ఆగిపోయింది. బొమ్మ మాత్రం మొహమాటం లేకుండా చివరిదాకా చెప్పింది.

"ఫైలేదో పాడైనట్టుంది. చూస్తాను," అంటూ నన్ను రికార్డింగ్ గదిలోకి లాక్కుపోయింది.

"మీరంటే నాకు ఇష్టమండి," అని బొమ్మ మాటలు అప్పజెప్పింది. "ఆ రోజు గొడుగు ఇచ్చి పరిగెత్తకుండా ఉండాల్సిందండి. అంతేనా, ఇంకేమైనా వదిలేశానా?"

"అంతేనండి."

"రెండోవాడు ఎవర్నీ అండి అనడు. గొడుగు సంగతి వాడికి తెలీదు."

"మీకు నచ్చింది వాడే కదండి."

"వాడు నవ్వించాడు. అంతే! వాడి కోసం రోజూ రెండు టీలు తెస్తానా? వాడేమైనా తాగుతాడా?"

ఆ టీకి అర్థం ఉంటుందని నాకు తట్టనే లేదు. టీ అనుకుని తాగేశాను.

"తప్పేనండి. సరిచేస్తానండి."

"ఏది సరిచేస్తారు? ఆలోచించి చెప్పండి. అవతల ఆయన కూర్చున్నాడు. నేను వెళ్లి ఏదో ఒకటి చెప్పాలి."

నా మూడు మాటలూ వరసకట్టి గొంతు దాకా వచ్చాయి. ఇప్పుడు వీటిలో ఏదన్నా ఈమె వెళ్లిపోతుంది. మూడింటినీ మింగాను.

"నోరు అలాగే ఉంచండి," అన్నాను. "గొంతు మార్చండి."

ఆమె గాజుకి అవతలికి వెళ్లి కూర్చుని, స్విచ్చు మీద చెయ్యేసింది. "లైటు ఆపనా?"

"వద్దండి."

ఆమెనే చూస్తూ చెప్పాను. గొంతు "ఇష్టం" దగ్గర ఓసారి ఆగింది, అండి మాత్రం ఎక్కడా తప్పలేదు. అప్పుడు స్పీకర్లో మేడమ్ గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చారో, మేనకోడలి వెనకాల నిలబడి ఉన్నారు.

"ఇంత నీరసంగా ప్రేమ చెప్పినవాణ్ణి నా జన్మలో చూళ్లేదు. కానీ బొమ్మకి అతికినట్టుంది. ఇదే ఉంచుదాం. ఆయనకి నేను చెప్తాలే, మీది బంగారం, మాకు ఇనుము చాలని."

"అలాగేనండి మేడమ్."

"ఇంకో సంగతి. ఆ చీకటి రికార్డింగు నేనూ విన్నాను. ప్రతి ఎపిసోడ్ చివరా నీతి చెప్పించే డైరెక్టరు ఎవరో, పెళ్లి మాటలప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆవిడ వెళ్లిపోయారు. తలుపు పడింది.

"మరి... మీరేమంటారండి?" అన్నాను.

ఆమె మైకు బటన్ మీంచి వేలు తీసేసింది. ఇన్నాళ్లు ఎదురుచూసేలా చేసినందుకు శిక్ష కాబోలు, గాజు వెనకనుంచి ఒక్క మాట అంది. చప్పుడు ఇవతలికి రాలేదు. పెదాలు మాత్రం కనిపించాయి, ఎక్కడా కలవకుండా, చివర కొంచెం నవ్వుతూ.

నోళ్లు గీసి బతికేవాణ్ణి. ఆ మాటకి పెదాలు ఎలా తిరుగుతాయో నాకొకరు చెప్పక్కర్లేదు. అది నా మాటే.

"సరేనండి."