సంరక్షకుల సంతకం

వనపర్తి ఊరి బయట ఒక చిన్న విశ్వవిద్యాలయం ఉంది. దాని పేరుతో మనకు పనిలేదు. కొత్తగా చేరిన పిల్లలకు ఓరియెంటేషన్ పెట్టిన రోజు అక్కడ పెళ్ళింటి హడావుడి ఉంటుంది. పెద్దసార్లు మైకు వదలరు, పిల్లలు బగారా అన్నం వాసన వైపు చూడటం మానరు. ఈసారి అసలు పనంతా స్వరూప మీద పడింది. ఆమె ఆఫీసులో కాంట్రాక్టు గుమాస్తా. హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, హాస్టల్లో చేరే ఆడపిల్లల రిజిస్టర్ రాయడం ఆమె వంతు.

ఆ రిజిస్టర్లో ఆఖరి గడి సంరక్షకుల సంతకానిది. అందులో ఎవరు సంతకం పెడితే ఆ పిల్ల వాళ్ళ పూచీ. తర్వాత ఆ పిల్లను గేటు దాటించాలన్నా వాళ్ళే రావాలి, ఇంకెవరొచ్చినా వదలరు.

స్వరూప కూతురు శ్వేత కూడా ఆ రోజే చేరింది. తండ్రి పోయాక నాలుగేళ్ళు కష్టపడి ఒంటిచేత్తో చదివించిన పిల్ల. పొద్దుటినుంచి వందమంది తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించిన స్వరూప, తన కూతురి పేరు పక్క గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. మన పిల్లే కదా, ఎప్పుడైనా పెట్టొచ్చు అనుకుంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు సొంత పని చివరికి నెట్టడం ఒక జబ్బు.

సాయంత్రం ఐదున్నరకు వాన దంచుతోంది. హాలు ఖాళీ అయింది. బల్ల సర్దుకుంటూ తలెత్తితే ఎదురుగా ఒక పిల్ల నిలబడి ఉంది. పేరు సుగుణ అంది, తమది గట్టు అనే ఊరంది. జాబితా చివర ఆ పేరు ఉంది. ఉంది గానీ, పొద్దున చదివినప్పుడు చూసిన గుర్తు స్వరూపకు లేదు. ఆ పిల్ల చేతిలో సంచి లేదు, ఫోన్ లేదు. గుమ్మం నిండా బురద అడుగులే. ఆమె చెప్పులకు మాత్రం చుక్క తడి లేదు. స్వరూప మనసెందుకో ఒప్పలేదు.

"మీ నాయన ఏడి బిడ్డా?"

"గేటు కాడ ఉన్నడు. లోపల్కి రాడు. మీరే పెట్టుండ్రి మేడం."

కుదరదని చెప్పింది స్వరూప. పిల్ల కదల్లేదు, బతిమాలలేదు, ఊరికే చూస్తూ నిలబడింది. లోపలినుంచి ఆఫీసు సూపరింటెండెంట్ రాఘవేందర్ సారు, ఆరింటికల్లా రిజిస్టర్ వార్డెన్ చేతిలో ఉండాలని రెండోసారి కేకేశాడు. ఈ వానలో పిల్లను ఎక్కడికని పొమ్మంటాం అనిపించింది స్వరూపకు. సంతకం పెట్టేసింది.

"ఇగ మీరే నాకు అమ్మ," అంది సుగుణ మెల్లగా.

ఆ మాటకు స్వరూపకు తన కూతురి ఖాళీ గడి గుర్తొచ్చింది. గబగబా పేజీ తిప్పి శ్వేత పేరు దగ్గర పెన్ను పెట్టబోయింది.

గడి ఖాళీగా లేదు.

బొటనవేలి ముద్ర. నల్లగా... ఇంకా తడిగా... ఆ బల్ల మీద వేలిముద్రల సిరా పొద్దుటినుంచీ లేనే లేదు. రాఘవేందర్‌ను అడిగితే తాను రిజిస్టర్ ముట్టనే లేదన్నాడు. స్వరూప వానలోనే గేటుకు పరుగెత్తింది.

వాచ్‌మన్ వెంకటన్న నిదానంగా లేచాడు.

"శ్వేత ఇప్పుడే పోయింది గద మేడం. గొంగడి కప్పుకున్న పెద్దమనిషి వచ్చిండు. చీటీ మీద ఏలిముద్ర చూపిచ్చిండు. మీ దగ్గరోల్లే అనుకున్న."

"పోతనని అదే అన్నదా?"

"ఏమనలే. చిన్నపిల్ల లెక్క ఆయన ఏలు పట్టుకొని పోయింది."

రోడ్డు కనుచూపు మేర ఖాళీగా ఉంది. స్వరూప కూతురికి ఫోన్ చేసింది. మోగింది... మోగింది... ఎవరో ఎత్తారు. ఎవరో ముసలాయన గొంతు, తొందర లేని గొంతు.

"మీ పిల్ల మంచిగనే ఉన్నదమ్మా. మా పిల్ల పొద్దుగాల్నుంచి ఏం తినలే. జర అన్నం పెట్టు. నువ్వెట్ల చూస్తే మేం గట్లనే చూస్తం."

వెనక్కి తిరిగితే సుగుణ నిలబడి ఉంది. అంత వానలోనూ పొడిగా.

స్వరూప ఏడవలేదు. ఏడిస్తే అక్కడ తన బిడ్డనూ ఏడిపిస్తారేమోనని భయం. ఫోన్ చెవికి ఆనించుకునే సుగుణను మెస్సులోకి తీసుకుపోయింది. ప్లేటు పెట్టి, గిన్నె అడుగున మిగిలిన బగారా అన్నం ఒక గరిటె వేసింది. ఫోన్లో గరిటె చప్పుడైంది. ఇంకో గరిటె వేసింది. అక్కడా ఇంకోటి పడింది. మూడోసారి గరిటె ఎత్తేసరికి శ్వేత గొంతు వినిపించింది, దగ్గరగా, గారంగా.

"ఇంక సాలు అమ్మా."

ఆ మాట తనతో అన్నది కాదని స్వరూపకు అర్థమైంది.